ఎడమ గొట్టం కొత్తదానిలా ఉంది

మిన్యార్,
1989 మే 14

అక్కా,

"బాగుంది అని రెండు ముక్కలు రాసి పడెయ్యరా" అని ఎంత తేలిగ్గా అనేశావు! బాగుంటే రాయనా? నీ ఉత్తరం చదివి డాట్ ఒకటే నవ్వు. "మీ అక్క సముద్రం దాటి టాస్మేనియా వెళ్లింది గానీ పెత్తనాన్ని మాత్రం మన వంటింట్లోనే వదిలేసి వెళ్లింది" అంటోంది. అది నా పెళ్లాం మాట, నాది కాదు.

క్లారీ బావ పోయి ఏడాదైంది. ఆయన తుపాకులు రెండూ మా ఇనప బీరువాలో నిలబడి, తలుపు తీసినప్పుడల్లా నావంక చూస్తున్నాయి. నీకు లైసెన్సు లేదు గనక నన్ను అమ్మిపెట్టమన్నావు. సరేనన్నాను. కానీ మన వారపత్రికలో పాత తుపాకుల ప్రకటనల భాష నీకు తెలియదు, నాకు తెలుసు. "వయసుకి తగ్గట్టు ఉంది" అని ఉంటే తుప్పు పట్టిందని. "గొట్టం శుభ్రం" అని ఉంటే అమ్మేవాడు లోపలికి తొంగి చూడలేదని. "ముసలాయన ఆదివారం మాత్రమే వాడేవాడు" అని ఉంటే మిగతా ఆరు రోజులూ కొడుకులు వాడేవాళ్లని.

నేనలా రాయలేనక్కా. మన దగ్గర తుపాకీ కొన్నవాడు ఎక్కడికీ పోడు. వచ్చే శనివారం ఫుట్‌బాల్ దగ్గర నా పక్కనే నిలబడి నా మాంసం రొట్టె వంక చూస్తాడు.

అందుకని కుందేళ్ల రైఫిలుకి ఇలా రాసి ఇచ్చాను: "భుజానికి ఆనించే కర్ర ఒకసారి విరిగింది, రాగి తీగ చుట్టాం. యాభై గజాల దాకా నిజం చెబుతుంది, ఆ తర్వాత కాస్త ఎడమకి అబద్ధాలాడుతుంది. మా కుందేళ్లకి ఆ సంగతి తెలుసు. మీ కుందేళ్లకి తెలియకపోవచ్చు."

జంట గొట్టాల తుపాకీ సంగతే తేలలేదు. నిన్న దాన్ని నడుం దగ్గర విరిచి తెరిచి, కిటికీ వెలుతురుకి పెట్టి చూశాను. కుడి గొట్టం మన పాత ఇంటి పొగగొట్టంలా ఉంది. ఎడమ గొట్టం పెళ్లికొడుకు గడ్డం గీసుకునే అద్దంలా ఉంది. ఒకే తుపాకీ, ఒకే మనిషి వాడాడు. ఏమిటా వింత? నీకేమైనా తెలుసా?

వాన లేదు. గొర్రెలు ఈనడం మొదలుపెట్టాయి, నక్కలు వాటికన్నా ముందే మొదలుపెట్టాయి.

నీ పెత్తనం కింద బతుకుతున్న తమ్ముడు,
నెవ్

*

లాన్సెస్టన్,
మే 24

ఒరేయ్ నెవ్,

ప్రకటన ముక్క డాట్ కత్తిరించి పంపింది. పక్క ఫ్లాటావిడకి చూపించి మా ఆయన తుపాకీ అని చెబుదామనుకున్నాను. చదివి టీపొడి డబ్బాలో దాచేశాను. రాగి తీగ సంగతి ఊరంతా చాటాలా? ఆ తీగ చుట్టింది నేనేరా. మీ బావ మేకు కొట్టబోతుంటే లాక్కుని నేను చుట్టాను. అది ఇన్నేళ్లూ ఊడలేదని రాయొచ్చుగా?

నాకొకటి అనిపిస్తోంది. ఎవడూ కొనకుండా రాస్తే రెండూ నీకే మిగులుతాయని చూస్తున్నావా? కావాలంటే నోరు తెరిచి అడుగు. చిన్నప్పుడూ అంతే, కేకు ముక్క అడగకుండా దాని చుట్టూ తిరిగేవాడివి.

ఎడమ గొట్టం గురించి అడిగావు. నీకు తెలుసనుకున్నాను. మా టిప్ పోయినప్పటినుంచీ మీ బావ ఎడమవైపు తూటా పెట్టలేదు. వేటకెళ్లినప్పుడల్లా కుడివైపు ఒక్కటే. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. అలాంటి గొర్రెల కుక్క మళ్లీ ఆ జిల్లాలో పుట్టలేదు. దాన్ని పాతిపెట్టిన రోజున కూడా ఆయన కంట్లో తడి చూడలేదు. కానీ ఆ ఖాళీ గొట్టం చూశాను. ఒకవైపు దాని పేరున వదిలేశాడని నాకు అర్థమైంది. మీ బావ మాటల మనిషి కాదు, నీకు తెలుసు. నా పెళ్లి మొత్తంలో నాకు బాగా నచ్చిన సంగతి అదే.

కాబట్టి రాసుకో: ఎడమ గొట్టం కొత్తదానిలా ఉంది. అబద్ధం కాదుగా, నీ నీతికి అడ్డం రాదుగా?

హోరీ ఎలా ఉన్నాడు? కంచె దగ్గర ట్రిగ్గర్ మీద వేలేసి టిప్‌ని చంపినందుకు వాణ్ణి ఎప్పుడో క్షమించాను. అయినా ఆ తుపాకీ వాడికి మాత్రం అమ్మకు. అది బాగుండదు.

గేటు దగ్గర నా గులాబీలకి గొర్రెపేడ వేశావట, అద్దెకున్నవాళ్లు రాశారు. అందుకు మాత్రం సంతోషం.

నీ అక్క,
ఏవిస్

*

మిన్యార్,
జూన్ 5

అక్కా,

రాగి తీగకి క్షమాపణలు. ఆ రైఫిల్ అమ్ముడుపోయింది. ఎక్కడో నది అవతలినుంచి ఒకాయన పొద్దున్నే వచ్చాడు. "ఇంత నిజం రాసినవాడు ఎలా ఉంటాడో చూద్దామని వచ్చాను" అని నన్ను ఎగాదిగా చూసి, కొంచెం నిరుత్సాహపడి, రైఫిల్ కొనుక్కుని పోయాడు. తీగ చుట్టిందెవరని అడిగాడు. మా అక్క అని చెప్పాను. "తీగ మాత్రం చక్కగా చుట్టారు" అన్నాడు. ఇది కల్పన కాదు, డాట్ సాక్షి.

నిన్న ఈ ఏటి మొదటి నక్కల వేట. పొద అవతల తుపాకులవాళ్లం వరసగా నిలబడ్డాం, ఇవతలినుంచి డప్పులవాళ్లు అరుచుకుంటూ తోలుకొచ్చారు. డప్పులవాళ్లందరూ స్కూలు పిల్లలూ, ఆడపిల్లలూ, పట్నంనుంచి వచ్చిన అల్లుళ్లూ. వాళ్ల మధ్యలో అరవై దాటిన హోరీ, మెడలో నూనె డ్రమ్ము, చేతిలో కర్ర. టిప్ పోయినప్పటినుంచీ వాడి చేతికి ఎవరూ తుపాకీ ఇవ్వలేదు కదా. కొత్తగా వచ్చినవాళ్లకి వాడి అసలు పేరే తెలియదు, డ్రమ్ముతాత అంటారు. మొదట్లో "నేను ముట్టలేదురా" అని అందరికీ చెప్పేవాడు. తర్వాత్తర్వాత అడిగినవాళ్లకే చెప్పేవాడు. ఇప్పుడు అడిగేవాళ్లూ లేరు.

ఇక జంట గొట్టాలది. గురువారం రెండువైపులా ఖాళీ తూటాలు పెట్టి, మూసి, పేలకుండా ఆపే సేఫ్టీ వేసి, బీరువా పక్కన నేలమీద ఆనించాను. టక్‌మంది. ఎడమవైపు. నా వేలు ట్రిగ్గర్‌కి మూరెడు దూరంలో ఉంది. మళ్లీ ఆనించాను, మళ్లీ టక్. డాట్ వచ్చి "ఏమిటా చప్పుడు?" అంది. "బావ తుపాకీ మాట్లాడుతోంది" అన్నాను.

అక్కా, ఎడమవైపుకి సేఫ్టీ అలంకారానికే ఉంది. బావ దీన్ని ఎప్పుడైనా ఎవరిచేతైనా బాగుచేయించాడా? ముందు తుపాకుల షాపు కోలిన్‌కి ఇచ్చి విప్పిస్తాను. అప్పటిదాకా ప్రకటన లేదు.

నీ తమ్ముడు,
నెవ్

*

లాన్సెస్టన్,
జూన్ 16

ఒరేయ్ నెవ్,

చేతికిచ్చి ఏడాది కాలేదు, అప్పుడే పాడుచేశావన్నమాట! నేలమీద ఠపీమని కొడితే టక్ అనక ఏమంటుంది? నీ చేతికిచ్చిన ఏ వస్తువు బాగుపడింది గనక? నాన్న గడ్డికోత మిషన్ గుర్తుందా?

టిప్ పిల్లల్లో ఒకటి నీకివ్వలేదన్న కోపం ఇంకా పోలేదా? అందుకేనా బావ వస్తువులకి వంకలు పెడుతున్నావు? చచ్చిపోయినవాడు లేచి వచ్చి సమాధానం చెప్పడని నీకు ధైర్యం.

విను. మీ బావ ఏదీ ఎవరిచేతా బాగుచేయించేవాడు కాదు. గడియారమైనా, మీగడ తీసే మిషనైనా తనే ఆకురాయి పట్టుకుని కూర్చునేవాడు. ఆ తుపాకీ కూడా అంతే. కొన్న కొత్తలో ట్రిగ్గర్లు బిగుసుగా ఉన్నాయి, గురి పెట్టేలోపు నక్క పక్క జిల్లాకి పోతోంది అని ఒక చలికాలమంతా నా వంటగది బల్లమీద దాన్ని విప్పి పెట్టుకున్నాడు. రొట్టెపిండి కలుపుకోడానికి కూడా నాకు చోటు లేదు. ఎడమదాంతో మొదలుపెట్టి, రాస్తూ రాస్తూ, వెన్నలా చేశాడు. ఆ ఏడు నన్ను పిలిచి వేలు పెట్టి చూడమన్నాడు. ఎంత మురిసిపోయాడో! కుడిదానికి ఇంకా చెయ్యాలని అంటుండగానే టిప్ పోయింది, ఇక ముట్టలేదు.

అది రాయి ప్రకటనలో. ఎడమ ట్రిగ్గర్ వెన్నలా ఉంటుందని. అలాంటివి మాత్రం నీ కళ్లకి కనపడవు.

ఏవిస్

*

మిన్యార్,
జూన్ 27

అక్కా,

గడ్డికోత మిషన్ సంగతి ఒప్పుకుంటాను. తుపాకీ నేను పాడుచెయ్యలేదు.

కోలిన్ విప్పాడు. నన్ను దీపం దగ్గరికి పిలిచి భూతద్దం ఇచ్చాడు. లోపల తూటాని కొట్టే సుత్తిని పట్టుకుని ఉంచే కొక్కెం ఒకటి ఉంటుంది. కుడివైపుది పదునుగా, దాన్ని చేసినవాళ్లు ఎలా చేశారో అలాగే ఉంది. ఎడమవైపుది సబ్బుబిళ్ల అంచులా గుండ్రంగా ఉంది, మీద ఆకురాయి గీతలు. "సేఫ్టీ ట్రిగ్గర్‌నే ఆపుతుంది నెవ్, సుత్తిని ఆపదు. ఇది ఎవరూ ముట్టక్కర్లేదు, నేల తగిలితే చాలు" అన్నాడు. నేను నీ ఉత్తరం సంగతి ఆయనకి చెప్పలేదు.

ఆ రోజు ఏం జరిగిందో నీకూ తెలుసు, నువ్వు టీ ఫ్లాస్కులు పట్టుకుని అక్కడే ఉన్నావు. కంచె దగ్గర తుపాకీ తెరిచి అందించడం మన ఆచారం. బావ కంచె ఎక్కే తొందరలో మూసే అందించాడు. హోరీ అవతలివైపు అందుకుని నేలమీద ఆనించాడు. అది పేలింది. టిప్ కంచె కింద దూరుతోంది. "ముట్టలేదు" అన్నాడు హోరీ. చూస్తే సేఫ్టీ వేసే ఉంది. పేలాక బొటనవేలితో వేసేసుంటాడు అన్నారు ఎవరో. అందరికీ అదే సబబుగా తోచింది.

ఆ తర్వాత బావ ఎడమవైపు ఎందుకు తూటా పెట్టలేదో నేను రాయను. నువ్వు నాకన్నా తెలివైనదానివి.

కోలిన్ కొత్త కొక్కెం వేస్తానంటున్నాడు. వేస్తే కొన్నవాడికి ఏ ప్రమాదమూ ఉండదు. "ఈమధ్యే బాగుచేయించినది" అని రాసి అమ్మేయొచ్చు, అది నిజమే కూడా. బావ పేరుకి మచ్చ రాదు. డ్రమ్ము హోరీ దగ్గరే ఉంటుంది.

తుపాకీ నీది, ప్రకటన నీ మాట. నువ్వేం చెబితే అది.

నెవ్

*

లాన్సెస్టన్,
జూలై 4

నెవ్,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ ఒకటే వాన.

తుపాకీ అమ్మొద్దు. ఎక్కడైనా పాతిపెట్టెయ్.

ఏవిస్

*

మిన్యార్,
జూలై 11

అక్కా,

పాతిపెట్టాలంటే పోలీస్ స్టేషన్లో చెప్పి పాతిపెట్టాలట, అందుకని బీరువాలోనే ఉంచాను. ఇంక దాని గురించి మాట్లాడను.

గొర్రెపిల్లలు నక్కలకి బాగానే పోయాయి. పడమటి చేలో తెల్లారేసరికి తోకలే మిగులుతున్నాయి. డాట్ చర్చి హాలు విందుకి కేకు చేసి, దాన్ని మరిచిపోయి ఇంటికి తాళం వేసి వెళ్లింది. తిరిగొచ్చేసరికి సగం లేదు. నేను నెపం కుక్కమీద పెట్టాను, కుక్క నావంక చూసింది.

ఒక్కటి మాత్రం సరిచెయ్యాలి. నీ గులాబీలకి పేడ వేసింది నేను కాదు. నాకు ముళ్లంటే పడదని నీకు తెలుసు. హోరీ వేశాడు. నువ్వు వెళ్లినప్పటినుంచీ వాడే చూస్తున్నాడట, అద్దెవాళ్లు వాణ్ణి చూసి నేననుకున్నారు. నీ సంతోషం నాకు పంపావు, నేను వాడుకున్నాను. తిరిగి పంపేద్దామంటే ఎలా పంపాలో తెలియడం లేదు.

నెవ్

*

లాన్సెస్టన్,
జూలై 22

ఒరేయ్ నెవ్,

నీతో కోపంగా ఉన్నాను, ఉంటాను కూడా. అది వేరే సంగతి.

ప్రతి క్రిస్మస్‌కీ మీ బావ గొర్రెపిల్ల తొడ కోసి హోరీకి పంపేవాడు. గోనెగుడ్డలో చుట్టి చేతికిచ్చింది నేనే. "అంత నష్టం చేసినవాడికి చూడండి, ఎంత పెద్దమనసో" అని చర్చి దగ్గర ఆడవాళ్లు అనేవాళ్లు. నేను కాదనేదాన్ని కాదు. లోపల్లోపల గర్వపడేదాన్ని. ఒకసారి హోరీ ఆ మూట అందుకుని "క్లారీ ఏమైనా చెప్పమన్నాడా?" అని అడిగాడు. క్రిస్మస్ శుభాకాంక్షలు చెప్పమన్నాడన్నాను. వాడు గుమ్మంలో ఇంకాసేపు నిలబడ్డాడు. ఈ ఎండకి మాంసం పాడైపోతుంది, లోపల పెట్టుకో అని నేనే విసుక్కుని వచ్చేశాను.

మీ బావ చెడ్డవాడని రాయను. నాకు మంచివాడే. నోరు తెరవలేదు, అంతే. ఆ ఖాళీ గొట్టాన్ని ఇన్నేళ్లు దాచుకున్నానురా నేను, నగలా. ఇప్పుడు దాన్ని ఏం చేసుకోను?

కింద రాసింది పత్రికలో వెయ్యి. ఒక్క ముక్క మార్చకు. జోకులు చేర్చకు. కోలిన్‌ని ముట్టుకోనివ్వకు, ఉన్నదున్నట్టే ఉండాలి.

"అమ్మకానికి: జంట గొట్టాల తుపాకీ, కాలంచేసిన క్లారీ మెక్విటీది. కుడి గొట్టం అరిగింది. ఎడమ గొట్టం కొత్తదానిలా ఉంది, ఎందుకంటే యజమాని పందొమ్మిదేళ్లు దాన్ని వాడలేదు. ఎడమ ట్రిగ్గర్‌ని యజమాని స్వయంగా ఆకురాయితో అరగదీశాడు. సేఫ్టీ వేసి ఉన్నా నేల తగిలితే పేలుతుంది. నక్కల వేటనాడు కంచె దగ్గర అలాగే పేలింది. అప్పుడు దాన్ని పట్టుకుని ఉన్న హోరీ డన్‌వుడీ ట్రిగ్గర్ ముట్టలేదు. బాగుచేయించకుండా ఎవరూ తూటా పెట్టవద్దు. ఇట్లు, యజమాని భార్య ఏవిస్ మెక్విటీ."

అక్క

*

మిన్యార్,
ఆగస్టు 6, ఆదివారం

అక్కా,

ఒక్క ముక్క మార్చలేదు. "చిన్న ప్రకటనకి ఇంత పొడుగేమిటి?" అని పత్రికాఫీసు అమ్మాయి అడిగింది. మా అక్కది, నువ్వే చెప్పి చూడు అన్నాను.

గురువారం పత్రిక వచ్చింది. సాయంత్రం బార్లో ఎవడో పైకి చదివాడు. నేనక్కడే ఉన్నాను. హోరీ మూల కుర్చీలో ఉన్నాడు. అందరూ వాణ్ణి చూడకుండా చూస్తున్నారు. వాడు బీరు చివరిదాకా తాగి, మూతి తుడుచుకుని, "గోధుమల ధర ఎంతని వేశాడు అందులో?" అన్నాడు. ధర చెప్పారు. "ఇంకా పడిపోతుంది" అని లేచి ఇంటికెళ్లాడు.

శుక్రవారం తుపాకీ చూడ్డానికి చాలామంది వచ్చారు, కొనడానికి ఎవరూ రాలేదు. అందరూ నేలమీద ఆనించి టక్ వినడం, టోపీ తీసి తల గోక్కోవడం. డాట్ అందరికీ టీ పెట్టలేక చచ్చింది.

నిన్న హోరీ వచ్చాడు. గేటు దాటి లోపలికి రాలేదు.

"ఏదీ, చూపించరా."

తెచ్చి ఇచ్చాను. అందుకోగానే నడుం విరిచి తెరిచాడు. చేతులు మరిచిపోలేదు. ఎడమ గొట్టంలోంచి ఆకాశం వంక చూశాడు. చాలాసేపు చూశాడు, అందులో ఆకాశం తప్ప ఏమీ లేదు.

"బాగుందిరా ఇది" అన్నాడు. "రాసింది ఏవిసేనా?"

"ఒక్క ముక్క మార్చొద్దంది."

"తెలుస్తోందిలే. నువ్వు రాసుంటే మధ్యలో కుందేళ్లు వచ్చేవి."

"కొంటావా?"

"నాకెందుకురా? టిప్‌ని చంపింది ఇది." గొట్టం మీద అరచెయ్యి వేసి, "ఇదే చంపింది" అన్నాడు. తెరిచి ఉన్నదాన్ని తెరిచినట్టే గేటు మీదుగా నాకందించి వెళ్లిపోయాడు.

నీ ఖాళీ గొట్టం సంగతి నాకు తెలియదక్కా. అయినా తప్పు తనదని తెలిసినవాడికి కుక్క మీద బెంగ ఉండకూడదని ఎక్కడా లేదు. రెండూ ఒకే గొట్టంలో పట్టి ఉండొచ్చు.

ఇవాళ వేట. పొద్దున హాలు దగ్గర వరసలు పంచుతుంటే అందరూ టోపీలు సర్దుకున్నారు. చివరికి డాటే, "హోరీ, మా ఆయన తుపాకీ తీసుకో, ఆయన ఎటూ దేన్నీ కొట్టలేడు" అంది. లైసెన్సు ఉండాలిగా అని ఎవరో నసిగారు. హోరీ జేబులోంచి తీసి చూపించాడు. లైసెన్సులంటూ వచ్చినప్పటినుంచీ ప్రతిసారీ కట్టుకుంటూనే ఉన్నాడట. తుపాకీ లేదు, కార్డు మాత్రం ఉంది.

దాంతో డ్రమ్ము నా మెడలో పడింది. పొద్దుటి విడతలో నేను కొట్టిన కొట్టుడికి నక్కలు పారిపోలేదు, వినడానికి ఆగాయి. "అదొక విద్యరా, మణికట్టు వదులుగా ఉంచాలి" అని హోరీ నాకు పాఠం చెప్పాడు. వాడు కాల్చినవాటిలో ఒకటి తగిలింది, మిగతావి గాలికి. పర్వాలేదు, చెయ్యి తిరగాలి.

భోజనాలకి ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. వాడు గేటు దగ్గర ట్రక్కులో కూర్చుని హారన్ మోగిస్తున్నాడు. "ఒరేయ్ నెవ్! నువ్వు ఉత్తరం ముగించేసరికి నక్కలు ముసలితనంతో పోతాయి! డ్రమ్ము పట్టుకురా!" ఇన్నేళ్లు మేం వాణ్ణి పిలిచిన గొంతే అది, ఇప్పుడు వాడికొచ్చింది.

నీకొక మాట రాయమన్నాడు, అది మరిచిపోకముందే రాస్తాను. ఈ క్రిస్మస్‌కి గొర్రెపిల్ల తొడ తను పంపుతాడట, గోనెగుడ్డలోనే చుట్టి. టాస్మేనియా ఓడలో అది చేరేసరికి ఏమవుతుందో ఆలోచించావా అని నేనంటే, "ఆలోచించానురా, అందుకే ఓడలో నేనే స్వయంగా పట్టుకెళ్లి ఏవిస్ గుమ్మంలో నిలబడి"... ఇదిగో మళ్లీ హారన్, మిగతాది వచ్చి రాస్తాను